నూటికి నాలుగు: ప్రాసెసరు పనిని కొలిచిన కథ

కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివాడికీ ఏదో ఒకనాడు ఒక సందేహం కలుగుతుంది. ఈ పెట్టె ఇప్పుడు నిజంగా పని చేస్తోందా, లేక తాను ఊరికే కూర్చుని నన్నూ కూర్చోబెట్టిందా? ఆ సందేహానికి జవాబుగా తెర మూలన ఒక చిన్న అంకె, అదీ తెలుగులో, కనిపించేలా చేద్దామని 2007లో నేను ఒక ప్రోగ్రాము రాయడానికి పూనుకున్నాను. మూడు రోజుల పని అనుకున్నాను. ఏడాదికి పైగా పట్టింది. చివరికి ఆ అంకె సరిగ్గా పనిచేయడం మొదలుపెట్టాక, దాన్ని నమ్మినందుకు నేను పోగొట్టుకున్నది ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం. అయితే అది చెప్పాలంటే ముందుగా ఆ అంకె చరిత్ర చెప్పాలి. ఆ చరిత్ర నాకు అప్పుడే తెలిసి ఉంటే నష్టం జరిగేది కాదు.

ప్రాసెసరు పనిని కొలవాలన్న ఆలోచన మొదట కుతూహలం వల్ల పుట్టలేదు, డబ్బు లెక్క వల్ల పుట్టింది. 1961 నవంబరులో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే యంత్రాన్ని అనేకమంది ఏకకాలంలో వాడుకొనే పద్ధతిని ప్రదర్శించింది. యంత్రం ఒక్కటే, వాడేవాళ్ళు పలువురు. ఎవరు ఎంత సేపు వాడుకున్నారో లెక్క తేలకపోతే పంపకమూ కుదరదు, ఖర్చు వసూలూ కుదరదు. కాబట్టి ప్రాసెసరు సమయాన్ని సెకన్ల లెక్కన పద్దు రాయడం మొదలైంది. మన ఇళ్ళలో కరెంటు మీటరు ఎందుకు ఉందో, ఆ మీటరూ అందుకే ఉంది.

మన తెలుగునేల కూడా ఈ కథకు మరీ దూరం కాదు. హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారుచేసింది. 1978లో ఐ.బి.ఎం. మన దేశం నుంచి వెళ్ళిపోయాక, యంత్రం అంటే దొరికినంత పొదుపుగా వాడుకోవలసిన వస్తువుగానే చాలాకాలం ఉండిపోయింది. ఒక్క నిమిషం ఖాళీగా ఉంచితే నష్టమనుకున్న కాలం అది. ఇప్పుడు మన బల్లమీది యంత్రం రోజులో అధికభాగం ఖాళీగానే ఉంటుంది. అప్పటివారికి ఖాళీ అంటే దుబారా, మనకు ఖాళీ అంటే ఆరోగ్యం. అంకె అదే అయినా చదివే తీరు తలకిందులైంది.

మీటరు లెక్క పద్దులకు సరిపోయింది కాని, కూర్చున్నవాడి సందేహం తీర్చలేదు. "ఇప్పుడు పని మొదలుపెడితే నా వంతు త్వరగా వస్తుందా?" అన్నది అతని ప్రశ్న. దానికి దొరికిన తొలి జవాబుల్లో ఒకటి బి.బి.ఎన్. సంస్థ పి.డి.పి.-10 యంత్రాల కోసం తయారుచేసిన టెనెక్స్ వ్యవస్థలో ఉంది. 1973 ఆగస్టులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 546 అనే పత్రం ఆ ఏడాది జులైలో టెనెక్స్ యంత్రాల మీద పడిన సగటు భారాన్ని వివరించింది. వాళ్ళు కొలిచింది ప్రాసెసరు ఎంత శాతం పని చేసిందని కాదు. ప్రాసెసరు కోసం సగటున ఎన్ని పనులు సిద్ధంగా ఉన్నాయని కొలిచారు. ఒక నిమిషానికి, ఐదు నిమిషాలకు, పదిహేను నిమిషాలకు మూడు అంకెలు ఇచ్చారు. యూనిక్సు, లినక్సు వాడేవారికి ఈ మూడు అంకెలూ పరిచయమే. మనవాళ్ళలో కొందరు వీటిని "లోడు" అనే అంటారు.

శాతానికీ లోడుకూ తేడా నాకు పుస్తకంలో కంటే మా ఊరి సముద్రంలో బాగా బోధపడింది. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో సాయంత్రంపూట నిలబడితే దూరంగా సముద్రంలో లంగరు వేసుకున్న ఓడలు దీపాలతో కనబడతాయి. చూడడానికి వచ్చినవారికి అది అలంకారం. మా నాన్నగారికి అది లెక్క. ఆయన పోర్టులో పనిచేసి పదవీ విరమణ పొందినవారు. 1933లో ప్రారంభమైన ఆ పోర్టు లోపలి రేవుకు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న కాలువ గుండా ఓడలు రావాలి. పెద్ద ఓడల కోసం 1970ల్లో ఔటర్ హార్బరు కట్టారు. బెర్తుల్లో ఎన్ని ఓడలున్నాయన్నది ఒక లెక్క, బయట ఎన్ని వేచి ఉన్నాయన్నది వేరొక లెక్క. మొదటిది శాతం వంటిది. రెండోది లోడు వంటిది.

ఈ రెండింటి మధ్య సంబంధాన్ని కంప్యూటర్లు పుట్టకముందే కనిపెట్టే మార్గం వేసినవాడు డెన్మార్కుకు చెందిన అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ 1909లో ఆయన వెలువరించిన వ్యాసంతో క్యూల గణితం మొదలైంది. తర్వాతివారు తేల్చిన సరళమైన సూత్రం ఒకటుంది. పనులు ఒక క్రమం లేకుండా వస్తున్నప్పుడు, చేసేవాడు ఒక్కడే అయినప్పుడు, అతడు సగం సమయం పనిలో ఉంటే అతని దగ్గర సగటున ఒక పని ఉంటుంది. నూటికి ఎనభై వంతులు పనిలో ఉంటే నాలుగు పనులు పోగవుతాయి. తొంభై అయితే తొమ్మిది. తొంభై అయిదు అయితే పందొమ్మిది. ఎనభైకీ తొంభై అయిదుకూ తెరమీద తేడా చూస్తే వేలెడంత, వరుసలో నిలబడ్డవాడికి మాత్రం దాదాపు అయిదింతలు. ఓడరేవుకైనా, టిక్కెట్టు కిటికీకైనా, ప్రాసెసరుకైనా ఇదే వరస.

టెనెక్స్ తర్వాత ఈ కొలతలు తెరమీదికి రావడం మొదలైంది. 1984లో విలియం లెఫెబ్వ్రే "టాప్" అనే ప్రోగ్రాము రాశాడు. వి.ఎం.ఎస్. వ్యవస్థలో ప్రాసెసరును ఎక్కువగా తింటున్న పనులను చూపే ఆజ్ఞ ఒకటుండేది. అది చూసి యూనిక్సులోనూ అలాంటిది ఉండాలని ఆయనకు తోచింది. నలభై ఏళ్ళు దాటినా ఆ పేరుతో, ఆ రూపంతో ఇప్పటికీ వాడుతున్నాం. 1995లో వచ్చిన బీబాక్స్ అనే యంత్రానికి రెండు ప్రాసెసర్లుండేవి. పెట్టె ముందుభాగంలో రెండు నిలువు వరుసల దీపాలు ఏ ప్రాసెసరు ఎంత పనిలో ఉందో చూపేవి. 1996లో విండోసు ఎన్.టి. 4.0తో పాటు టాస్కు మేనేజరు వచ్చింది. దాన్ని డేవ్ ప్లమర్ మొదట ఇంటి దగ్గర సొంత పనిగా రాసుకున్నాడట. తర్వాత అది కోట్లాది యంత్రాల్లోకి వెళ్ళింది. సొంత పనిగా మొదలుపెట్టినవన్నీ అంతటి అదృష్టానికి నోచుకోవు. ఇక నా సంగతికి వస్తాను.

నా మొదటి ప్రయత్నం విండోసు ఎక్స్‌పీ మీద. ప్రాసెసరు ఎంత సేపు ఖాళీగా ఉందో, ఎంత సేపు కెర్నెలు పనిలో ఉందో, ఎంత సేపు మన ప్రోగ్రాముల పనిలో ఉందో ఒక్క పిలుపుతో చెప్పే సదుపాయం అందులో ఉంది. మూడు అంకెలూ తెచ్చుకుని, కెర్నెలు సమయాన్నీ ప్రోగ్రాముల సమయాన్నీ కూడి, మొత్తంతో భాగించాను. యంత్రం ఖాళీగా ఉన్నా సగం పనిలో ఉన్నట్టు చూపించింది. వారం రోజులు తల బద్దలుకొట్టుకున్నాక, వివరణ పత్రాన్ని మొదటినుంచీ చదివితే తెలిసింది: అక్కడ కెర్నెలు సమయంలోనే ఖాళీ సమయం కూడా కలిసి ఉంటుంది. ఖాళీని నేను రెండుసార్లు లెక్కపెట్టాను, అందులో ఒకసారి పనిగా. తప్పు వాళ్ళది కాదు. స్పష్టంగానే రాసి పెట్టారు. చదవకుండా మొదలుపెట్టినవాణ్ణి నేనే.

రెండో తెలివితక్కువతనం మరీ మౌలికమైంది. ఏ క్షణంలో చూసినా ప్రాసెసరు పని చేస్తూనైనా ఉంటుంది, చేయకుండానైనా ఉంటుంది. "నూటికి ముప్పై ఏడు" అన్న స్థితి ఏ క్షణంలోనూ లేదు. శాతమంటే రెండు క్షణాల నడుమ ఉన్న వ్యవధికి వేసిన లెక్క మాత్రమే. వ్యవస్థ మనకిచ్చేవి యంత్రం లేచినప్పటినుంచీ కూడుతూ వచ్చిన మొత్తాలు. ఇప్పటి మొత్తంలోంచి ఇందాకటి మొత్తాన్ని తీసివేయాలి. నేనేమో మొత్తాలనే భాగించాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అంకె దాదాపు కదలలేదు. ఎంత నిలకడగా ఉందో అని సంబరపడ్డాను కూడా.

తీసివేతలు సరిచేశాక అంకె కదలడం మొదలుపెట్టింది. అప్పుడు మరో దురాశ కలిగింది, సెకనుకు పదిసార్లు గీయాలని. గీత అందంగా పాకింది కాని, ఖాళీ యంత్రం నూటికి ఆరు వంతులు పనిలో ఉన్నట్టు చూపించింది. నా ప్రోగ్రామును మూసి టాస్కు మేనేజరుతో చూస్తే రెండు. మిగతా నాలుగు వంతులూ తినేది నేను రాసిన కొలతే! జ్వరం చూసే కడ్డీయే ఒంటికి వేడి పుట్టించినట్టు అయింది. పైగా పావుగంట దాటగానే ఆ కిటికీ నల్లబడి చచ్చిపోయేది. సెకనుకొకసారికి తగ్గించాను. ఈసారి రెండు ముప్పావు గంటలు బతికింది. రోగం కుదురుతోందని మురిసిపోయాను. అసలు సంగతేమంటే, గీసిన ప్రతిసారీ ఒక రంగు కుంచెను వ్యవస్థ దగ్గర అప్పు తీసుకుని తిరిగి ఇవ్వడం మరిచిపోతున్నాను. ఒక్కొక్క ప్రోగ్రాముకు పదివేల వరకే అప్పు పుడుతుంది. సెకనుకు పది చొప్పున అయితే వెయ్యి సెకన్లు, సెకనుకు ఒకటి చొప్పున అయితే పదివేల సెకన్లు. ఆ భాగహారం కాగితం మీద వేసి చూసుకున్నాక గాని నాకు జ్ఞానోదయం కాలేదు.

ఇక తెలుగు సంగతి. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని విడిగా స్థాపించుకుంటే తప్ప గుణింతాలూ ఒత్తులూ కుదురుగా రావని తొలినాళ్ళలో యూనికోడు తెలుగు రాసిన మిత్రులందరికీ అనుభవమే. అది అయ్యాక, అంకెలు కూడా తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాను. ౦ నుంచి ౯ దాకా మన అంకెలకు యూనికోడులో సొంత స్థానాలున్నాయి కదా. తీరా పెట్టాక నేను వాడిన ఫాంటులో అంకెల వెడల్పులు సమంగా లేక, సెకను సెకనుకూ పక్కనున్న అక్షరాలు కుడికీ ఎడమకూ ఊగసాగాయి. ఒక్కొక్క అంకెనూ దాని గడిలో దాన్ని విడిగా గీసి ఆ ఊగుడు మాన్పించాను. తర్వాత లినక్సుకు మారి, అక్కడ తెరమీద ఇలాంటి సూచికలు చూపే ఒక ప్రోగ్రామును ప్రయత్నిస్తే, "ప్రాసెసరు" అన్న మాటలో ప, పొల్లు, ర దేనికది విడిపోయి, అలిగిన అన్నదమ్ముల్లా నిలబడ్డాయి. దాంతో అక్కడ కూడా సొంతంగానే రాసుకున్నాను. మా నాన్నగారు పంచాంగం చదివే అలవాటున్నవారు కనుక "౪" అని తెరమీద చూసి వెంటనే "నాలుగు" అన్నారు. ఇంటికి వచ్చిన ఇంజనీరింగు కుర్రాడు మాత్రం అదేం గుర్తండీ అని అడిగాడు.

లినక్సులో లెక్క తీసుకోవడం తేలిక. స్టాట్ అనే ఫైలు మొదటి వరుసలో అన్నీ ఉంటాయి: ప్రోగ్రాముల సమయం, కెర్నెలు సమయం, ఖాళీ సమయం, ఇంకా కొన్ని. ఇవన్నీ సెకనులో నూరోవంతు లెక్కన ఉంటాయి. అంటే ఒక్క సెకను వ్యవధిలో వచ్చే తేడాలన్నీ కలిపి నూరే. ఒకటికి తక్కువైన తేడా అందులో కనబడదు. నేనేమో దర్పానికి అంకె పక్కన ఒక చుక్క పెట్టి "౪.౦" అని చూపించేవాణ్ణి. ఆ చుక్క తర్వాతి సున్నా శుద్ధ అబద్ధం.

ఆ నూరోవంతుల లెక్క వెనుక మరొక చిక్కుంది. అప్పట్లో ఎక్కువ యంత్రాల్లో కెర్నెలు ప్రతి టిక్కుకూ ఒకసారి తలెత్తి, ఆ క్షణంలో ఎవరు నడుస్తుంటే వారి ఖాతాలో ఆ టిక్కు మొత్తాన్నీ రాసేది. గేటు దగ్గర గంటగంటకూ తలలు లెక్కపెట్టే మనిషి లాంటిదన్నమాట. గంట కొట్టాక లోపలికొచ్చి, మళ్ళీ కొట్టేలోగా వెళ్ళిపోయినవాడు అతని పుస్తకంలో లేడు. జెరూసలేములోని హిబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ సఫ్రీర్, యోవ్ ఎట్సియన్, డ్రోర్ ఫైటెల్సన్ 2007లో దీన్నే నిరూపించి చూపించారు. ఏ ప్రత్యేకాధికారమూ లేని మామూలు ప్రోగ్రాము టిక్కుల మధ్య పని చేసుకుని, టిక్కు వేళకు తప్పుకుంటే, ప్రాసెసరును దాదాపుగా కాజేసి కూడా లెక్కల్లో నిర్దోషిగా నిలబడగలదు. తాను తిన్నది ఇతరుల ఖాతాలో పడుతుంది. ఆ వ్యాసం నేను చాలా ఆలస్యంగా చదివాను. అప్పటికి నాకు జరగవలసింది జరిగిపోయింది.

జరిగింది ఇది. 2006లో లేఖిని వచ్చాక తెలుగు టైపు చేయడం నాకు సులువైంది. నాన్నగారి పోర్టు జ్ఞాపకాలను ఆయన చెబుతుండగా టైపు చేయడం మొదలుపెట్టాను. ఆదివారాలు భోజనాలయ్యాక ఆయన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఓడల పేర్లు, సరుకులు, తుఫాను హెచ్చరిక జెండాలు, ఖనిజం ధూళి, ఆనాటి మేస్త్రీల మాటతీరు. నేను టైపు చేస్తూ ఉంటే తెర మూలన నా అంకె కదులుతూ ఉండేది. రెండేళ్ళలో నూట నలభై పుటలు దాటాయి. మొదటి నలభై పుటలూ ఒక సీడీలోకి ఎక్కించాను. మిగతావి "తీరిక దొరికినప్పుడు" ఎక్కించవచ్చులే అనుకున్నాను.

2008 వర్షాకాలంలో యంత్రం నెమ్మదించింది. ఫైలు తెరవమంటే పది సెకన్లు, దాచమంటే అరనిమిషం. అంకె వైపు చూశాను. నూటికి నాలుగు. ప్రాసెసరు హాయిగా ఉంది. యంత్రానికి ఏ కష్టమూ లేదని నేను రాసిన కొలతే చెబుతోంది, ఇంకేం కావాలి? జ్ఞాపకశక్తి చాలడం లేదేమోనని ద్వారకానగర్‌లో ఒక దుకాణానికి వెళ్ళి ర్యాము ధర అడిగి వచ్చాను. ఆ సాయంత్రం టాప్ నడిపి చూశాను కూడా. పైవరుసలో లోడు అయిదు దాటి ఉంది. పని లేని ప్రాసెసరు, దాని కోసం అయిదు పనుల వరుస! పొంతన లేని ఆ రెండు అంకెల్లో ఏది తప్పో తేల్చుకోవలసి వచ్చినప్పుడు, నేను రాసిందే ఒప్పని, ఎవరో రాసింది తప్పని తీర్మానించుకున్నాను. రెండు రోజుల తర్వాత డిస్కులోంచి గడియారం కొట్టుకుంటున్నట్టు చప్పుడు వచ్చింది. మరి లేవలేదు. బాగుచేసేవారి దగ్గరికి తీసుకువెళితే పెదవి విరిచారు.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేకపోయింది. స్టాట్ ఫైలు వరుసలో ఖాళీ సమయం పక్కనే ఇంకొక గడి ఉంది. ప్రాసెసరు ఖాళీగా ఉన్నా, డిస్కు నుంచి సమాధానం రావలసిన పనులు నిలబడి ఉన్న సమయం అది. ప్రాసెసరు దృష్టిలో అదీ ఖాళీయే కాబట్టి నేను రెండింటినీ కలిపి ఖాళీగా లెక్కవేశాను. గణితం ప్రకారం అందులో దోషం లేదు. నా అంకె అబద్ధం చెప్పలేదు. ప్రాసెసరు నిజంగానే ఖాళీగా ఉంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కు ముందు పనులన్నీ బారులు తీరి నిలబడ్డాయి గనుక దానికి చేయడానికేమీ లేదు. నేను అడిగింది "ప్రాసెసరు ఏం చేస్తోంది" అని. అడగవలసింది "పనులు ఎక్కడ ఆగాయి" అని.

మరి టాప్ లోడు ఎందుకు అయిదు చూపించింది? ఆ జవాబు నాకు తొమ్మిదేళ్ళ తర్వాత దొరికింది. టెనెక్స్‌లో లోడంటే ప్రాసెసరు కోసం సిద్ధంగా ఉన్న పనుల లెక్క మాత్రమే అని చెప్పాను కదా. లినక్సు లోడు అలా కాదు. డిస్కు వంటివాటి కోసం మధ్యలో లేపడానికి వీల్లేకుండా నిద్రపోతున్న పనులను కూడా అది లెక్కపెడుతుంది. ఎందుకలా అని చాలామంది విసుక్కునేవారే కాని, కారణం ఎవరూ వివరంగా చెప్పలేదు. బ్రెండన్ గ్రెగ్ అనే నిపుణుడు 2017లో పాత ఉత్తరాల మూటలు వెతికి, మథియాస్ ఉర్లిక్స్ 1993 అక్టోబరులో పంపిన చిన్న సవరణను బయటపెట్టాడు. ఉర్లిక్స్ వాదన సూటిగా ఉంది. వేగమైన స్వాప్ డిస్కు తీసేసి నెమ్మదైనదాన్ని పెడితే యంత్రం నెమ్మదిస్తుంది. కాని పాత లెక్క ప్రకారం లోడు తగ్గినట్టు కనబడుతుంది. యంత్రం కుంటుపడుతుంటే అంకె మెరుగుపడడం ఏమిటి? అందుకని డిస్కు కోసం ఆగినవారినీ లెక్కలో కలపమన్నాడు.

ఆ సంగతి చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నాకు ఎదురైన చిక్కు ముడిని ఒక మనిషి పదిహేనేళ్ళ ముందే ఊహించి, విప్పి, నా యంత్రంలోనే పెట్టి వెళ్ళాడు. ఆ అయిదు అనే అంకె అతని హెచ్చరిక. నేను దాన్ని పొరపాటు అనుకున్నాను.

ఆ లోడుకు కూడా దాని కిటుకులు దానికున్నాయి. లినక్సు అయిదు సెకన్లకొకసారి తలలు లెక్కించి, పాత లెక్కను కొంత తగ్గించి, కొత్తదాన్ని కొంత కలుపుతుంది. అందుచేత "ఒక నిమిషపు సగటు" అనేది అచ్చమైన సగటు కాదు. ఖాళీ యంత్రం మీద ఒకే పనిని సరిగ్గా నిమిషం నడిపితే అది 1 చూపదు, సుమారు 0.63 చూపుతుంది. పాతది చప్పున మరిచిపోదు, కొత్తది చప్పున నమ్మదు. ముసలివాళ్ళ జ్ఞాపకం లాంటిది.

శాతం సంగతి కూడా తర్వాతి కాలంలో మరింత చిక్కుపడింది. 2002 చివర్లో పెంటియం 4లో ఒక్క ప్రాసెసరు రెండుగా కనిపించే ఏర్పాటు వచ్చింది. ఒక పని దాన్ని పూర్తిగా వాడుకున్నా తెరమీద యాభై అని వస్తుంది. మిగిలిన యాభై ఉందనుకోవడం భ్రమ. ఎందుకంటే రెండో పని వచ్చినప్పుడు రెండూ అవే వనరులను పంచుకోవాలి. ఆ తర్వాత ప్రాసెసర్లు అవసరాన్నిబట్టి తమ వేగాన్ని తామే పెంచుకోవడం, తగ్గించుకోవడం మామూలైంది. సగం వేగంతో నూటికి నూరు పనిచేయడమూ, పూర్తి వేగంతో నూటికి యాభై పనిచేయడమూ ఒకటేనా? 2012లో విండోసు 8తో వచ్చిన టాస్కు మేనేజరు ఈ వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కొత్త కొలతను వాడింది. ఆ కొలత లోలోపల నూరు దాటడం కూడా కద్దు. ఒకే ప్రోగ్రాములో ఒక పుటలోని అంకెకూ మరో పుటలోని అంకెకూ పొంతన కుదరడం లేదని జనం ఫిర్యాదు చేస్తూ వచ్చారు. 2025లో విండోసు 11లో అన్ని పుటలకూ ఒకే లెక్క తెచ్చారు. అరవై ఏళ్ళుగా కొలుస్తున్నా, ఏం కొలుస్తున్నామన్న మాట మీద ఇంకా సర్దుబాట్లు జరుగుతూనే ఉన్నాయి.

పోయిన పుటల సంగతి నాన్నగారికి చెప్పడానికి నాకు వారం పట్టింది. కోప్పడతారనుకున్నాను. "బెర్తు ఖాళీగా ఉందని పోర్టులో పని లేదనుకుంటే ఎలారా? క్రేను చెడిపోయినప్పుడు బెర్తు ఖాళీగానే ఉంటుంది. ముందు బయట లంగరు వేసినవాటిని లెక్కపెట్టుకోవాలి" అన్నారు. ఎర్లాంగ్ గణితమూ, ఉర్లిక్స్ సవరణా ఆయనకు తెలియవు. వేచి ఉన్నవాటిని లెక్కపెట్టడం మాత్రం ఆయన ఉద్యోగంలో భాగం.

తర్వాత మళ్ళీ చెప్పమని అడిగాను. చెప్పారు. కాని మొదటిసారి నాలుగు ఆదివారాలు సాగిన కథ రెండోసారి ఒక్క మధ్యాహ్నంలో ముగిసింది. కొన్ని పేర్లు రాలేదు. కొన్నిచోట్ల "అది ఇదివరకే చెప్పానుగా" అని ఆగిపోయేవారు. నిజమే, చెప్పారు. నా దగ్గరే లేదు. నూట నలభై పుటలకు బదులు అరవై పుటలు మిగిలాయి. అవి ఇప్పుడు మూడుచోట్ల దాచి ఉన్నాయి. నాన్నగారు లేరు.

నా ప్రోగ్రాము తర్వాతి రూపంలో రెండు అంకెలు పెట్టాను. పైన ప్రాసెసరు శాతం, చుక్కలూ దశాంశాలూ లేకుండా. కింద, దానికంటే పెద్ద అక్షరాల్లో, ఆగి ఉన్న పనుల సంఖ్య. దాని పక్కన "బయట" అని ఒక్క మాట రాశాను. ప్రోగ్రాము పెద్దగా ఎవరికీ పనికిరాలేదు, నేనూ ఎవరికీ ఇవ్వలేదు. యంత్రం మారినప్పుడల్లా కొద్దిగా సరిచేసుకుంటూ వాడుకుంటున్నాను.

సొంతంగా ఏదైనా కొలిచే సాధనం తయారుచేసుకోవాలనుకునే మిత్రులకు నేను చెప్పగలిగింది ఇంతే. ఆ కొలతను మీకు ముందు ఎవరెవరు కొలిచారో, ఎక్కడ తడబడ్డారో, ఎందుకు మార్చారో ముందుగా చదవండి. మీ అంకెకూ ఇంకొకరి అంకెకూ పొంతన కుదరనప్పుడు ఎదుటివారి అంకెను కొట్టిపారేయకండి. ఆ తేడాలోనే అసలు సంగతి ఉండవచ్చు. అన్నిటికంటే ముందు, ఇది చదవడం ఆపి, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది ఏదైనా ఒక్క డిస్కులోనే ఉంటే, దాన్ని రెండో చోటికి ఎక్కించి రండి.